ఫోను చేసింది రిక్రూటరా, హెడ్‌హంటరా? ఉద్యోగం వెతికేవారు ముందుగా తేల్చుకోవలసిన లెక్క

మంగళవారం పదకొండు గంటలకు మీటింగులో ఉండగా ఫోను మోగుతుంది. తెలియని నంబరు. "నమస్తే అండీ, మీ ప్రొఫైల్ చూశాం. హైదరాబాద్‌లో మంచి ఓపెనింగ్ ఉంది. మారే ఆలోచన ఉందా?" అంటుంది అవతలి గొంతు. మీరు మెల్లిగా బయటికి వచ్చి, మెట్ల దగ్గర నిలబడి, ఇప్పుడు తీసుకుంటున్న సీటీసీ (ఏడాదికి కంపెనీ మీ మీద పెట్టే మొత్తం ఖర్చు) ఎంత, ఆశిస్తున్నది ఎంత, నోటీస్ పీరియడ్ ఎన్ని రోజులు, అన్నీ అప్పజెప్పేస్తారు. రెజ్యూమే వాట్సాప్‌లో వెళ్లిపోతుంది. సాయంత్రం ఇంకో గొంతు అదే ఉద్యోగం గురించి అవే ప్రశ్నలు అడుగుతుంది. మర్నాడు మూడో గొంతు. వారం గడిచాక మీరు ఫోను చేస్తే ముగ్గురిలో ఒక్కరూ ఎత్తరు.

నేను నాలుగేళ్లు ఆ అవతలి గొంతుగా పనిచేశాను. హైదరాబాద్‌లో ఒక చిన్న కన్సల్టెన్సీ, రోజుకు అరవై డెబ్బై ఫోన్లు. ఆ తర్వాత ఉద్యోగం వెతుక్కుంటూ మెట్ల దగ్గర నిలబడే మనిషినీ అయ్యాను. రెండు వైపులా తిరిగాక నాకు పనికొచ్చిన ప్రశ్న ఒక్కటే మిగిలింది: ఈ మనిషికి డబ్బు ఎవరిస్తారు, ఎప్పుడిస్తారు? దానికి జవాబు తెలిస్తే, ఫోను చేసినవారు ఎప్పుడు తేనె పలుకులు పలుకుతారో, ఎప్పుడు మాయమవుతారో ముందే చెప్పేయవచ్చు. కింది అడుగులన్నీ ఆ ప్రశ్న పట్టుకుని వేసినవే.

మొదటి అడుగు: ఎవరి తరఫు మనిషో గుర్తుపట్టండి

మనం అందరినీ 'కన్సల్టెన్సీ వాళ్లు' అని ఒకే గాటన కట్టేస్తాం. అక్కడ నాలుగు రకాల మనుషులు ఉన్నారు.

కంపెనీలోనే పనిచేసే రిక్రూటర్ ఒకరు. టీఏ (టాలెంట్ అక్విజిషన్) టీమ్ అంటారు. నెల జీతం మీద ఉంటారు కాబట్టి మీరు చేరినా చేరకపోయినా వారి జీతం ఆగదు. ఖాళీని ఎన్ని రోజుల్లో నింపారన్నది మాత్రం వారి ఏడాది రేటింగులోకి వస్తుంది.

రెండోవారు ఏజెన్సీ రిక్రూటర్. మనకు వచ్చే ఫోన్లలో ఎక్కువ భాగం వీరివే. వీరికి పని పూర్తయితేనే డబ్బు. మీరు ఆఫర్ తీసుకుని, ఆఫీసులో అడుగుపెట్టిన తర్వాతే ఏజెన్సీ బిల్లు వేస్తుంది. మన దేశంలో ఆ రుసుముకు బాగా వాడుకలో ఉన్న అంకె 8.33 శాతం. ఈ వింత అంకె ఎక్కడిదా అని కొత్తలో నేనూ అనుకున్నాను. నూటిని పన్నెండుతో భాగిస్తే వచ్చేది అదే. అంటే మీ ఒక నెల జీతం. 18 లక్షల సీటీసీతో మీరు చేరితే ఏజెన్సీకి దాదాపు లక్షన్నర వస్తుంది. అది మీ జీతంలోంచి కోసేది కాదు, కంపెనీ విడిగా ఇచ్చేది. మీరు చేరకపోతే ఏజెన్సీకి సున్నా. అదే ఖాళీని కంపెనీ మరో అయిదారు ఏజెన్సీలకు కూడా ఇచ్చి ఉంటుంది కనుక, ఎవరు ముందు రెజ్యూమే పంపితే వారిదే పంట. ఆ హడావుడి, ఆ అరవై ఫోన్లు, ఆ తర్వాతి మౌనం, అన్నీ ఇక్కడినుంచి పుట్టినవే.

మూడోవారు అసలైన హెడ్‌హంటర్. వీరిని కంపెనీ ముందుగానే కుదుర్చుకుంటుంది. ఒక పోస్టు, ఒకే సంస్థకు. ఆ పదవికి వచ్చే మొదటి ఏడాది జీతంలో మూడో వంతు దాకా రుసుము ఉంటుంది. దాన్ని సాధారణంగా మూడు వాయిదాల్లో ఇస్తారు: పని మొదలైనప్పుడు ఒకటి, ఎంపిక చేసిన జాబితా చేతికిచ్చినప్పుడు ఒకటి, మనిషి ఖాయమైనప్పుడు ఒకటి. 90 లక్షల పదవి అయితే మూడో వంతు లెక్కన 30 లక్షలు. షికాగోలో 1953లో మొదలైన హైడ్రిక్ అండ్ స్ట్రగల్స్, అక్కడే 1956లో పుట్టిన స్పెన్సర్ స్టూవర్ట్, జ్యూరిక్‌లో 1964లో వచ్చిన ఎగాన్ జెండర్, లాస్ ఏంజిలెస్‌లో 1969లో మొదలైన కోర్న్ ఫెర్రీ ఈ బాపతు సంస్థలు. నాలుగూ మన దేశంలోనూ పనిచేస్తున్నాయి. వీరికి తొందర తక్కువ, ఆరా ఎక్కువ. మీకు ఫోను చేసేనాటికే మీ గురించి ఇద్దరు ముగ్గురిని అడిగి ఉంటారు.

నాలుగోవారు స్టాఫింగ్ కంపెనీలు. ర్యాండ్‌స్టాడ్, టీమ్‌లీజ్, క్వెస్ వంటివి. వీరు ఇచ్చేదాంట్లో చాలావరకు కాంట్రాక్టు ఉద్యోగం. మీరు కూర్చునేది ఒక కంపెనీలో, జీతం వచ్చేది ఇంకో కంపెనీనుంచి. మీరు పనిచేసినన్నాళ్లూ ప్రతి నెలా వారికి కొంత మిగులుతుంది. ఇందులో తప్పు లేదు. తెలియకుండా చేరడమే ఇబ్బంది.

పెళ్లిళ్ల పేరయ్యతో వీరందరినీ పోలుస్తుంటారు. పేరయ్య రెండు వైపులా సంభావన పుచ్చుకుంటాడు. వీరు పుచ్చుకునేది ఒక వైపే, అది మీ వైపు కాదు. హెడ్‌హంటర్ ఎంత ఆప్యాయంగా మాట్లాడినా ఆయన పెళ్లివారు అవతల ఉన్నారు.

ఇంకో సంగతి. కార్డు మీది హోదాను నమ్మి రకం తేల్చకండి. ఇరవై నాలుగేళ్ల వయసులో నా కార్డు మీద 'సీనియర్ ఎగ్జిక్యూటివ్ సెర్చ్ కన్సల్టెంట్' అని ఉండేది. నేను చేసే పనల్లా నౌకరీ అనే ఉద్యోగాల వెబ్‌సైటులో కీవర్డు కొట్టి వచ్చిన జాబితాకు వరసగా ఫోన్లు చేయడం.

రెండో అడుగు: మొదటి అయిదు నిమిషాల్లో ప్రశ్నలు మీవి కావాలి

"మీరు ఆ కంపెనీలోనే పనిచేస్తారా, ఏజెన్సీ తరఫునా?" అని నేరుగా అడగండి. "మేం క్లయింటుతో డైరెక్ట్‌గా పనిచేస్తాం" అని జవాబు వస్తే ఏజెన్సీ అని అర్థం. ఉద్యోగ వివరాలు ఆఫీసు మెయిల్ నుంచి పంపమనండి. కంపెనీ హెచ్‌ఆర్ అని చెప్పుకుంటూ మెయిల్ మాత్రం ఉచిత జీమెయిల్ ఖాతానుంచి వస్తే అక్కడితో ఆపేయండి.

"ఈ పోస్టు మీ ఒక్కరికే ఇచ్చారా?" ఏజెన్సీవారు దీనికి కొంచెం తడబడతారు. హెడ్‌హంటర్ అయితే అవునంటారు, ఎప్పుడు మొదలుపెట్టారో కూడా చెబుతారు.

తర్వాతి ప్రశ్న కంపెనీ పేరు. ఇది కాస్త చిక్కుముడి. హెడ్‌హంటరూ పేరు చెప్పరు, ఏజెన్సీ వారూ చెప్పరు, కారణాలు మాత్రం వేరు. హెడ్‌హంటర్ చెప్పనిది చాలాసార్లు ఆ కుర్చీలో ఇంకా ఒక మనిషి కూర్చునే ఉన్నందున. తనను మార్చబోతున్నారని ఆ మనిషికి తెలియదు. పేరు బయటపడితే అవతల గొడవ అవుతుంది. ఏజెన్సీ రిక్రూటర్ చెప్పనిది మీరు నేరుగా కంపెనీ వెబ్‌సైటులో దరఖాస్తు చేసుకుంటే తమ లక్షన్నర పోతుందని.

ఏది నిజమో ఎలా పట్టుకోవాలి? పేరు వదిలేసి మిగతావి అడగండి. "ఈ ఖాళీ ఎందుకు వచ్చింది? పైన ఎవరికి జవాబు చెప్పాలి? కింద ఎంతమంది? మొదటి ఏడాదిలో ఏం సాధించాలని ఆశిస్తున్నారు?" హెడ్‌హంటర్ పేరు చెప్పకుండానే వీటి మీద అరగంట మాట్లాడగలరు, ఎందుకంటే ఆ కంపెనీ పెద్దలతో కూర్చుని ఆ పని వివరం రాసుకున్నది వారే. ఏజెన్సీ రిక్రూటర్ తన ముందున్న జేడీ (ఉద్యోగ వివరాల కాగితం) చదివి వినిపిస్తారు. రెండో వాక్యం దాటి అడిగితే "క్లయింటును అడిగి చెబుతాను" అంటారు. ఏ స్థాయి వారైనా, మీ రెజ్యూమే బయటికి వెళ్లే ముందు మాత్రం కంపెనీ పేరు తెలియాలి. ఈ షరతు దగ్గర మెత్తబడవద్దు. హెడ్‌హంటర్లు కూడా రెండో మాటల్లోనో, ముఖాముఖి కలిసినప్పుడో చెప్పేస్తారు.

"ఎవరి పేరోల్?", అంటే జీతం ఇచ్చేది ఏ కంపెనీ అన్న ప్రశ్న చివరిది. పెద్ద కంపెనీ పేరు విని మురిసిపోయి, చేరాక తమది కాంట్రాక్టు ఉద్యోగమని, ఐడీ కార్డు రంగు వేరుగా ఉందని చూసుకున్నవారు నాకు తెలుసు. చెట్టు పేరు చెప్పి కాయలమ్ముకోవడం ఈ రంగంలో కొత్త కాదు.

ఇవన్నీ అడిగేటప్పుడు గొంతు పెంచకండి. అవతల ఉన్నది చాలాసార్లు డిగ్రీ అయ్యి ఏడాది కాని అమ్మాయో అబ్బాయో. సాయంత్రానికి ఇన్ని ప్రొఫైళ్లు పంపాలని టార్గెట్ నెత్తిన ఉంటుంది. జావాకూ జావాస్క్రిప్టుకూ తేడా అడిగి వారిని ఏడిపించడం వల్ల మీకు ఒరిగేదేమీ లేదు.

మూడో అడుగు: రెజ్యూమేకు పగ్గం వేయండి

అందరికంటే ఎక్కువమంది నష్టపోయేది ఇక్కడ. కొంచెం నిదానంగా చదవండి.

ఏజెన్సీ మీ రెజ్యూమేను కంపెనీ పోర్టల్‌లో ఎక్కించిన క్షణంనుంచి మీరు ఆ ఏజెన్సీ ఖాతాలో అభ్యర్థి. చాలా కంపెనీల్లో ఈ హక్కు కొన్ని నెలల పాటు, ఆరు నెలలనో ఏడాదనో, వారిదే. ఆలోపు అదే కంపెనీలో పనిచేసే మీ స్నేహితుడు మీ పేరు సిఫారసు చేస్తూ రిఫరల్ పెడితే 'డూప్లికేట్' అని తిరిగొస్తుంది. అతడికి రావలసిన రిఫరల్ బోనస్ పోతుంది. మీకు అంతకంటే పెద్దది పోతుంది. లోపలి మనిషి మాట సాయంతో, రుసుము లేకుండా వచ్చే అభ్యర్థిగా మీకున్న మొగ్గు పోయి, లక్షన్నర ధర చీటీ అంటించిన అభ్యర్థిగా మిగులుతారు. రెండు ఏజెన్సీల వారు ఒకే ఖాళీకి మిమ్మల్ని పంపితే ఇంకా తలనొప్పి. రేపు రుసుము ఎవరికివ్వాలన్న తగువు ఎందుకని కొన్ని కంపెనీలు అభ్యర్థినే పక్కన పెట్టేస్తాయి. మీ తప్పు ఏమీ ఉండదు, మీకు ఆ సంగతి ఎవరూ చెప్పరు కూడా.

కాబట్టి ఇలా చేయండి. ఒక నోటు పుస్తకమో ఎక్సెల్ షీటో తెరవండి. తేదీ, ఫోను చేసినవారి పేరు, ఏ ఏజెన్సీ, ఏ కంపెనీ, ఏ పోస్టు, పంపడానికి ఒప్పుకున్నానా లేదా. ఇంతే. కొత్త ఫోను రాగానే ముందు ఆ పుస్తకం చూడండి. నేను ఉద్యోగం వెతికిన మూడు నెలల్లో నా పుస్తకంలో ఒకే ఖాళీ తొమ్మిది సార్లు కనిపించింది, ఏడు ఏజెన్సీలనుంచి.

రెజ్యూమే పంపే ప్రతిసారీ మెయిల్‌లో ఈ అర్థం వచ్చేలా రెండు వాక్యాలు జోడించండి: "ఈ రెజ్యూమేను ఫలానా కంపెనీలో ఫలానా పోస్టుకు మాత్రమే పంపడానికి అనుమతి ఇస్తున్నాను. మరే సంస్థకు పంపాలన్నా ముందుగా నన్ను మెయిల్‌లో అడగండి." ఇది చూశాక చాలామంది జాగ్రత్తపడతారు. అమెరికాలో ఉద్యోగాలు చేసే మనవారికి ఇది కొత్త కాదు. అక్కడ వెండర్లు (మధ్యవర్తి సంస్థలు) ప్రతి ఉద్యోగానికీ ఆర్‌టీఆర్ (రైట్ టు రెప్రజెంట్) అని ఒక అంగీకార పత్రం మెయిల్‌లో తీసుకుంటారు. ఇక్కడ ఆ పద్ధతి అంతగా లేదు కనుక మనమే పెట్టుకోవాలి.

రెజ్యూమేలో ఇంటి చిరునామా, పుట్టిన తేదీ, తండ్రి పేరు తీసేయండి. ఆధార్, పాన్ నకళ్లు ఇంటర్వ్యూలకు ముందు ఎవరు అడిగినా ఇవ్వకండి. ఆఫర్ దశలో కంపెనీ అడుగుతుంది, అప్పుడు ఇవ్వవచ్చు. కొన్ని కంపెనీల పోర్టళ్లు ఒకే మనిషి రెండుసార్లు రాకుండా పాన్ నంబరు అడుగుతాయి. అలాంటప్పుడు నంబరు మాత్రం చాలు, నకలు అక్కరలేదు.

మీరు కావాలనుకునే కంపెనీలు ఓ పది ఉంటే వాటిని ఏ ఏజెన్సీకీ ఇవ్వకుండా మీ దగ్గర ఉంచుకోండి. అక్కడ రిఫరల్, లేదా కంపెనీ సొంత కెరీర్స్ పేజీ. మిగతా వాటికి ఏజెన్సీలు. ఫార్మాలో క్వాలిటీ విభాగం, బ్యాంకింగ్ ఆపరేషన్స్ వంటి రంగాల్లో ఆ ఒక్క రంగానికే పనిచేసే ఏజెన్సీలు ఉంటాయి. వారికి ప్లాంటు హెడ్‌లు పేరు పెట్టి తెలుసు. అలాంటి రిక్రూటర్ ఒకరు దొరికితే నంబరు జాగ్రత్తగా దాచుకోండి. అందరికీ అన్నీ చేసే ఏజెన్సీలు పది కలిసినా ఆ ఒక్కరికి సరితూగవు.

నాలుగో అడుగు: జీతం మాట

రుసుము జీతంలో శాతం కదా, నాకు ఎక్కువ ఇప్పిస్తే వారికీ లాభమే కదా అని చాలామంది ధీమాగా ఉంటారు. లెక్క వేసి చూడండి. మీకు ఇంకో లక్ష పెరిగితే ఏజెన్సీకి పెరిగేది 8,330 రూపాయలు. ఆ లక్ష కోసం బేరం చెడితే వారికి పోయేది లక్షన్నర. మీరు వారి స్థానంలో ఉంటే ఏం చేస్తారు? "ఈ ఆఫరు చాలా బాగుంది సార్, ఒప్పుకోండి" అంటారు. నేనూ అన్నాను, ఎన్నోసార్లు. అందువల్ల ఏజెన్సీ ద్వారా వెళ్లినా, చివరి జీతం మాట కంపెనీ హెచ్‌ఆర్‌తో నేరుగా మాట్లాడే అవకాశం అడగండి.

హెడ్‌హంటర్ పరిస్థితి వేరు. మూడింటిలో రెండు వాయిదాలు అప్పటికే అందాయి. ఆ కంపెనీ రేపు మళ్లీ పని ఇవ్వాలి. మీరు ఏడాదిలో వెళ్లిపోతే వారి పరువు పోతుంది. అందుకని బేరంలో ఆయన రెండు వైపులా రాయబారం నడుపుతారు. మీ కనీస అంకె ఆయనకు నిజంగా చెప్పవచ్చు, చెప్పడం మంచిది కూడా. ఏజెన్సీ రిక్రూటర్‌కు మాత్రం కనీస అంకె చెప్పకండి, ఆశించే అంకె చెప్పండి. కనీసం చెబితే వచ్చే ఆఫరు అదే.

ఇప్పటి జీతం విషయంలో అబద్ధం ఆడకండి. నీతి మాట పక్కన పెట్టి చూసినా దొరికిపోతారు. మూడు నెలల పే స్లిప్పులు, ఫారం 16 (జీతం మీద కోసిన పన్నుకు కంపెనీ ఇచ్చే పత్రం) అడుగుతారు. యూఏఎన్ (ఉద్యోగం మారినా మారని పీఎఫ్ నంబరు) ఇస్తే పీఎఫ్ రికార్డులో మీరు ఎక్కడ ఎప్పుడు చేరారో, ఎప్పుడు మానేశారో బారుగా కనిపిస్తుంది. రెండు ఉద్యోగాలు ఒకే కాలంలో ఉన్నా అక్కడ బయటపడుతుంది. రెజ్యూమేలో రెండేళ్లు పెంచి రాయమని సలహా ఇచ్చే రిక్రూటర్లు ఉంటారు. రేపు బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్‌లో పట్టుబడేది మీరు, వారు కాదు.

సీటీసీ అంకె చూసి పొంగిపోవద్దు. అందులో కంపెనీ కట్టే పీఎఫ్ వాటా, గ్రాట్యుటీ, బీమా ప్రీమియం, వస్తుందో రాదో తెలియని వేరియబుల్ (పనితీరును బట్టి ఇచ్చే వాటా) అన్నీ కలిపి ఉంటాయి. "నెలకు చేతికి ఎంత?" అని అడగడం చిన్నతనం కాదు. జాయినింగ్ బోనస్ ఉంటే, ఏడాదిలోపు మానేస్తే తిరిగి కట్టాలా అన్నది కాగితం మీద చూసుకోండి.

అయిదో అడుగు: ఆఫరు వచ్చాక

ఇప్పుడు మీకు రోజూ ఫోన్లు వస్తాయి. "ఎలా ఉన్నారు సార్? రాజీనామా పెట్టారా? మెయిల్ స్క్రీన్‌షాట్ పంపగలరా?" తొంభై రోజుల నోటీస్ పీరియడ్‌లో మీరు ఇంకో ఆఫరు వెతుక్కుంటారేమోనని వారి భయం. అంతటితో అయిపోదు. ఏజెన్సీ ఒప్పందాల్లో సాధారణంగా ఒక షరతు ఉంటుంది: చేరిన మనిషి అరవై లేదా తొంభై రోజుల్లోపు మానేస్తే ఇంకొకరిని ఉచితంగా తెచ్చిపెట్టాలి. అందుకే చేరాక కూడా మూడో నెల దాకా క్షేమ సమాచారాలు అడుగుతారు. తొంభై ఒకటో రోజునుంచి ఆ ఫోన్లు ఎందుకు ఆగిపోయాయో ఇప్పుడు మీకు అర్థమై ఉంటుంది.

సంతకం చేసిన ఆఫర్ లెటర్ చేతికి రాకుండా రాజీనామా పెట్టకండి. "మెయిల్‌లో కన్ఫర్మేషన్ వచ్చింది, లెటర్ వారంలో వస్తుంది, ఈలోపు పెట్టేయండి" అని తొందరపెట్టడం రిక్రూటర్ అవసరం. వినకండి. పాత కంపెనీ జీతం పెంచుతాం ఉండమంటే, ఆ మాట రిక్రూటర్‌తో చర్చించకండి. "సార్, అలా ఉండిపోయినవారు ఆరు నెలల్లో వెళ్లిపోతారు" అని ఒక పాఠం అప్పజెబుతారు. ఆ పాఠం మాకు ట్రైనింగులో నేర్పారు. అందులో నిజం పాలు ఉండవచ్చు, కానీ లక్షన్నర పోయే మనిషి దగ్గర సలహా అడగడం తెలివి కాదు. ఇంట్లోవారితో, ఆ రంగంలో ఉన్న పెద్దవారితో మాట్లాడండి.

ఆరో అడుగు: హెడ్‌హంటర్ కంట పడటం

"నాకు ఉద్యోగం చూసిపెట్టండి" అని హెడ్‌హంటర్లకు మెయిళ్లు పంపేవారు కోకొల్లలు. ఆయన పని ఉద్యోగానికి మనిషిని వెతకడం, మనిషికి ఉద్యోగం వెతకడం కాదు. మూడు నాలుగేళ్ల అనుభవం ఉన్నవారి జోలికి ఆయన రారు, రాలేరు. అంత రుసుము కట్టి ఆ స్థాయికి ఎవరూ వెతికించరు. పదేళ్లు దాటని వారు ఈ అడుగు చదివి పక్కన పెట్టుకోవచ్చు. మీ సమయం నౌకరీ ప్రొఫైల్ మీద పెట్టండి. దాన్ని వారానికి రెండుసార్లయినా తెరిచి ఏదో ఒక మార్పు చేయండి. రిక్రూటర్లు వాడే జల్లెడల్లో 'ఈమధ్య ఎప్పుడు చురుగ్గా ఉన్నారు' అన్నది ఒకటి. మూడు నెలలుగా తెరవని ప్రొఫైల్ ఎంత గొప్పదైనా మా కళ్లకు కనిపించేది కాదు.

పదిహేనేళ్లు దాటి, పెద్ద బృందాన్నో ఒక వ్యాపారాన్నో నడుపుతున్నవారికి మాట వేరు. హెడ్‌హంటర్ వెతికే పద్ధతి తెలుసుకోండి. ఆయన ముందు పోటీ కంపెనీల పేర్లు రాసుకుంటారు. ఆ కంపెనీల్లో ఆ హోదాల్లో ఎవరున్నారో పటం గీసుకుంటారు. తర్వాత ఆ రంగంలో తెలిసినవారికి ఫోను చేసి "ఈ పదవికి ఎవరు సరిపోతారంటారు?" అని అడుగుతారు. ఈ ఫోను మీకే వస్తుందనుకోండి. మీకు ఆసక్తి లేకపోయినా ఇద్దరు మంచివారి పేర్లు, వారిని అడిగి, ఇవ్వండి. అలా సాయం చేసినవారిని హెడ్‌హంటర్ మరచిపోరు. మీ లింక్డ్‌ఇన్ పేజీలో మీ హోదా కాకుండా మీ చేతి కింద ఏం నడిచిందో రాయండి: ఎన్ని కోట్ల వ్యాపారం, ఎంతమంది, ఏ ఊళ్లలో. ఆయన పటంలోకి ఎక్కేది ఆ వాక్యమే.

బయటివారికి అంతగా తెలియని కట్టుబాటు ఒకటి ఉంది. ఒక సెర్చ్ సంస్థ మీ ఇప్పటి కంపెనీకి పనిచేస్తుంటే, ఒప్పందం ప్రకారం ఏడాదో రెండేళ్లో అక్కడి ఉద్యోగులను అది ముట్టుకోకూడదు. ఇటు మనుషులను తెచ్చి అటు ఎత్తుకుపోతే ఎవరూరుకుంటారు? అందువల్ల మీకు బాగా పరిచయమున్న హెడ్‌హంటర్ మీకు సరిగ్గా సరిపోయే పదవి చేతిలో ఉండి కూడా ఫోను చేయలేకపోవచ్చు. ఇద్దరు ముగ్గురు వేరు వేరు సంస్థలవారితో పరిచయం ఉంచుకోమనేది ఇందుకే.

ఏడో అడుగు: డబ్బు అడిగితే

దేశంలోని ఉద్యోగానికి రిక్రూటరైనా హెడ్‌హంటరైనా అభ్యర్థి దగ్గర పైసా తీసుకోరు. రిజిస్ట్రేషన్, ట్రైనింగ్, లాప్‌టాప్ డిపాజిట్, వెరిఫికేషన్ రుసుము, ఏ పేరు పెట్టినా సరే. పెద్ద కంపెనీలో 'బ్యాక్‌డోర్' ఉద్యోగమని రెండు మూడు లక్షలు వసూలు చేసి, దొంగ ఆఫర్ లెటర్ చేతిలో పెట్టి, ఆఫీసుకు తాళం వేసి పారిపోయిన కన్సల్టెన్సీల కథలు హైదరాబాద్‌లో ఏటా పోలీసుల దాకా వెళుతూనే ఉన్నాయి. అరచేతిలో వైకుంఠం చూపించడం వారి వృత్తి.

గల్ఫ్‌కు వెళ్లేవారి విషయంలో మాత్రం లెక్క వేరు, అందుకే మోసమూ ఎక్కువ. జగిత్యాల, నిజామాబాద్, సిరిసిల్ల వైపునుంచీ, కడప, గోదావరి జిల్లాలనుంచీ వెళ్లేవారు ఈ మాటలు ఇంట్లో చదివి వినిపించండి. 1983 ఎమిగ్రేషన్ చట్టం ప్రకారం విదేశాలకు మనుషులను పంపే ఏజెంటు విదేశాంగ శాఖ దగ్గర నమోదై ఉండాలి. ఆ ఏజెంటు వలస కార్మికుడి దగ్గర తీసుకోదగ్గ గరిష్ఠ రుసుము 30,000 రూపాయలు, దాని మీద 18 శాతం జీఎస్టీ. మొత్తం 35,400. రసీదు ఇవ్వాలి. ఏజెంటు పేరు ఈమైగ్రేట్ వెబ్‌సైటులో వెతికితే నమోదు ఉన్నదీ లేనిదీ కనిపిస్తుంది. ఊళ్లో తిరిగే సబ్ ఏజెంటుకు చట్టంలో చోటు లేదు. లక్షన్నర అడిగి, "విజిట్ వీసా మీద వెళ్లు, అక్కడికెళ్లాక మారుస్తారు" అనేవాడి చేతికి పాస్‌పోర్టు ఇవ్వకండి. పదో తరగతి పాసు కానివారి పాస్‌పోర్టుకు గల్ఫ్ దేశాలతో సహా 18 దేశాల్లో ఉద్యోగానికి వెళ్లడానికి అనుమతి అవసరం. ఆ అనుమతి ఇచ్చే ప్రొటెక్టర్ ఆఫ్ ఎమిగ్రాంట్స్ కార్యాలయం హైదరాబాద్‌లో ఉంది. తెలంగాణ ప్రభుత్వ సంస్థ టామ్‌కామ్ కూడా విదేశీ ఉద్యోగాలకు మనుషులను పంపుతుంది, ముందు అక్కడ అడిగి చూడటం మేలు.

అమెరికాలో చదువు ముగించి ఓపీటీ (చదువు తర్వాత కొంతకాలం పనిచేసుకునే అనుమతి) మీద ఉన్న పిల్లలకు ఫోను చేసేవారు ఇంకో రకం. వారు మిమ్మల్ని క్లయింటుకు అమ్మి, గంటకు వచ్చేదాంట్లో వాటా తీసుకునే కన్సల్టెన్సీలు. వారిని హెడ్‌హంటర్లని ఎవరూ పొరపడరు గానీ, హెచ్-1బీ (అక్కడి ఉద్యోగ వీసా) దరఖాస్తు ఖర్చు మీచేత కట్టించబోతే ఒప్పుకోకండి. అది యజమాని భరించాలని అక్కడి చట్టం. హెచ్-1బీ వచ్చాక ప్రాజెక్టు లేదని బెంచి మీద కూర్చోబెట్టి జీతం ఎగ్గొట్టడమూ చట్టవిరుద్ధమే.

చివరి అడుగు: కాదని చెప్పే పద్ధతి

వచ్చిన ఫోన్లలో నూటికి తొంభై మీకు అక్కరలేనివే. చాలామంది ఫోను ఎత్తడం మానేస్తారు, లేదా ఇంటర్వ్యూకు వస్తానని చెప్పి ఆ రోజు స్విచాఫ్ చేస్తారు. మా షీటులో ప్రతి పేరు పక్కన ఒక గడి ఉండేది. ఫోను మోగినా ఎత్తనివారికి అందులో ఆర్‌ఎన్‌ఆర్ అని మూడక్షరాలు కొట్టేవాళ్లం. ఇంటర్వ్యూకు ఎగ్గొట్టినవారి వరస మొత్తానికి ఎరుపు రంగు. ఆ షీటు నేను మానేశాక కూడా అక్కడే ఉంది. కొత్తగా చేరినవారు దాన్నే తెరుస్తారు. ఎరుపు వరసలకు ఫోను చేయరు.

అరనిమిషం పడుతుంది. "ఈ పోస్టు నాకు సరిపోదండీ. నేను చూస్తున్నది ఫలానా పని, ఫలానా ఊళ్లో, ఇంత జీతానికి. మార్చి తర్వాత ఏదైనా ఉంటే చెప్పండి." అవతల అమ్మాయి ఆ గడిలో అదే కొడుతుంది. మార్చిలో ఆమె ఆ కంపెనీలో ఉన్నా లేకపోయినా, ఆ గడి చూసి ఎవరో ఒకరు మీకు ఫోను చేస్తారు.